క్రానిక్ అంటే ముదిరిందని కాదు: ఉద్దానంలో ఒక ఇల్లు, ఒక ఇంగ్లిష్ విశేషణం

శ్రీకాకుళంలో నర్సింగ్ విద్యార్థులకు ఇంగ్లిష్ చెప్పడం నా ఉద్యోగం. బీఎస్సీ నర్సింగ్ మొదటి సెమిస్టర్‌లో కమ్యూనికేటివ్ ఇంగ్లిష్ ఒక పేపరు. ఎలాగోలా గట్టెక్కితే చాలనుకునే పేపరది. నాకు మాత్రం అలా అనిపించదు. రేపు వార్డులో రోగి ఇంటివాళ్లకి ఈ పిల్లలు ఏ మాట చెప్తారో అది తయారయ్యేది ఆ క్లాసులోనే. అందుకే జబ్బుల ముందు వచ్చే విశేషణాల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. ఈ కేసు వాటిలో ఒకదాని గురించి: క్రానిక్. దాన్ని వదలకుండా ఉండే అక్యూట్ గురించి కూడా. ఆ కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

రెండు కాగితాలు

మా విద్యార్థినిది కవిటి మండలంలో ఒక ఊరు. ఇచ్ఛాపురం, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కొబ్బరి, జీడితోటలతో పచ్చగా ఉండే నేలంతా ఉద్దానమే. ఆ పచ్చదనం కింద దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఉంది. నీళ్లలోని సిలికా నుంచి పురుగుమందులు, ఎండలో ఒళ్లు ఎండిపోయేదాకా చేసే పని, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం దాకా చాలా కారణాల్ని పరిశోధకులు తరచి చూశారు. ఇదీ కారణమని ఇంకా తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికాలో చెరకు తోటల కూలీల్లో కనిపించే జబ్బుకీ దీనికీ పోలిక ఉందంటారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. కిడ్నీలు సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం క్రియాటినిన్. ఉద్దానంలో అది డాక్టర్లు మాత్రమే వాడే మాట కాదు. "నీదెంత?" అని అరుగు మీద కూర్చుని అడుక్కునే మాట.

ఆ అమ్మాయి నాన్నగారికి 55 ఏళ్లు. వైద్య శిబిరంలో రక్తం పరీక్ష చేస్తే క్రియాటినిన్ 1.5 వచ్చింది. మూడు నెలలు దాటాక మళ్లీ చేయించినా అంతే. కిడ్నీలు ఏ మేరకు వడకడుతున్నాయో అంచనాగా చెప్పే అంకె ఈజీఎఫ్ఆర్, అది తగ్గేకొద్దీ జబ్బు పెరిగినట్టు. ఆయనది 54. కాగితం అడుగున "క్రానిక్ కిడ్నీ డిసీజ్, స్టేజ్ 3ఏ" అని రాశారు. ఆయనకి మాత్రం ఏ బాధా లేదు. తోటకి వెళ్తున్నాడు, సుబ్బరంగా తింటున్నాడు.

అన్నయ్యకి 27. చెన్నైలో బిల్డింగ్ పనికి వెళ్తాడు. ఊరొచ్చి నాలుగు రోజులు ఎండలో తోట పని చేశాడు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒళ్లునొప్పులకి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు వరసగా మింగాడు. మూత్రం తగ్గిపోయింది. దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో చూపిస్తే క్రియాటినిన్ 3.2. పనిలో చేరేముందు చేసిన పరీక్షలో అది 0.9. ఈ కాగితం మీద "అక్యూట్ కిడ్నీ ఇంజురీ" అనీ, దాని కిందే పెద్దాస్పత్రిలో చేరమనీ రాసి ఉంది. ఒక సెలైన్ పెట్టించుకుని ఇంటికొచ్చేశాడు.

ఆ అమ్మాయి రెండు కాగితాలూ నా దగ్గరికి తెచ్చింది. తండ్రి కాగితంలో క్రానిక్ కింద పెన్సిల్‌తో రెండు గీతలు గీసి, పక్కన "ముదిరింది" అని రాసుకుంది. అన్న కాగితంలో అక్యూట్ పక్కన "చిన్నది" అని ఉంది. 3.2 అనేది 1.5 కన్నా పెద్ద అంకె అని ఇంట్లో అందరికీ తెలుసు. కానీ "విరేచనాల వల్ల పెరిగింది, అదే దిగిపోతాది" అనుకున్నారు. పైగా కాగితం మీద అక్యూట్ అని ఉందిగా అని ధైర్యం.

వాళ్లమ్మతో ఫోన్‌లో మాట్లాడాను.

"బాబూ, మా ఇంటాయనది క్రానికంట. ఇంకెన్నాళ్లుంటాడేటి? వైజాగు తీసుకుపోదామని జీడితోట బేరానికి పెట్టీసినాం. పెద్దోడిదైతే ఏటో అక్యూటంట, సిన్నదేనని పిల్ల సెప్పింది. ఆడు రేపు రైలెక్కెల్లిపోతాడు."

"అమ్మా, ముందు మీవాణ్ని రైలెక్కనివ్వకండి" అన్నాను.

నేను వైద్యుణ్ని కాను. వైద్యం గురించి నేను చెప్పకూడదు కూడా. అక్కడే నిలబడి మా కాలేజీకి మెడిసిన్ క్లాసులు చెప్పడానికొచ్చే డాక్టరుగారికి రెండు కాగితాల ఫోటోలు పంపాను. ఆయన వెంటనే ఫోన్ చేసి అబ్బాయిని ఆ రాత్రే ఆస్పత్రిలో చేర్చమన్నారు. తండ్రి గురించి, "ఆయన వచ్చే వారం నిదానంగా ఓపీకి రావచ్చు" అన్నారు.

ఇల్లు రెండు విశేషణాల్నీ తిరగేసి చదివింది. కంగారు పడాల్సిన చోట నిశ్చింతగా ఉంది, నిదానంగా ఆలోచించాల్సిన చోట తోట అమ్మడానికి సిద్ధపడింది. వాళ్లలో చదువురాని వాళ్లంటూ ఎవరూ లేరు. కూతురు నర్సింగ్ చదువుతోంది. మరి ఈ పొరపాటు ఎక్కణ్నుంచి వచ్చింది?

అల్పకోణం

అక్యూట్ సంగతి ఆ అమ్మాయిని అడిగితే వెంటనే తేలింది. హైస్కూల్ లెక్కల్లో అక్యూట్ యాంగిల్ అంటే అల్పకోణం, 90 డిగ్రీలకన్నా తక్కువ. ఆబ్‌ట్యూస్ అంటే అధికకోణం. అక్యూట్ అనగానే "అల్పం" అనే ముద్ర అక్కడే పడిపోయింది. ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలకీ ఇదే ముద్ర ఉండటం తర్వాత మా క్లాసులోనే చూశాను.

మాట మూలంలో అల్పత్వం ఏమీ లేదు. లాటిన్‌లో అకూయెరె అంటే పదును పెట్టడం, అకుస్ అంటే సూది. పదును పెట్టినది అకూటుస్, అదే అక్యూట్. ఆ కోణం మొన సూదిగా ఉంటుంది కాబట్టి ఆ పేరొచ్చింది. మనవాళ్లు దాన్ని తెలుగు చేసేటప్పుడు మొనని వదిలి కొలతని పట్టుకున్నారు. లెక్కలకి అదే సరిపోతుంది, తప్పేమీ లేదు. చెవులు చురుగ్గా వినిపిస్తే ఇంగ్లిష్‌లో అక్యూట్ హియరింగ్ అంటారు. ఈ రోజు పిల్లలు ప్రతి ఫోటో కింద రాసే క్యూట్ కూడా దీని తోకే. 18వ శతాబ్దంలో అక్యూట్ ముందు అక్షరం ఊడి "చురుకైన, తెలివైన" అనే అర్థంతో మొదలై, తర్వాత ముద్దుగా ఉండటానికి మారింది. జబ్బు విషయంలో ఆ సూది మొన కాలంలోకి వచ్చింది. అకస్మాత్తుగా వచ్చి, కొద్దికాలంలోనే అటో ఇటో తేలిపోయేది అక్యూట్. జలుబూ అక్యూటే, గుండెపోటూ అక్యూటే.

కాలం నుంచి పుట్టిన మాట

గ్రీకులో ఖ్రోనోస్ అంటే కాలం. కాలానికి సంబంధించినది ఖ్రోనికోస్. లాటిన్‌లో క్రోనికుస్ అయి, ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దం మొదట్లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. వచ్చినప్పుడు దాని పని ఒకటే: చాలాకాలం ఉండే జబ్బుని చెప్పడం. ఏళ్లవారీగా రాసే చరిత్ర క్రానికల్, కాలక్రమం క్రోనాలజీ, ఓడలవాళ్లు వాడిన గడియారం క్రోనోమీటర్. ఈ కుటుంబంలో ఎక్కడ వెతికినా కాలమే తప్ప ప్రమాదం కనపడదు.

రోగాల్ని ఇలా రెండుగా విడదీయడం గ్రీకు వైద్యులనాటిది. 5వ శతాబ్దంలో కేలియస్ ఆరేలియానస్ లాటిన్‌లో రాసిన వైద్యగ్రంథమే అక్యూట్ రోగాలు, క్రానిక్ రోగాలు అని రెండు భాగాలుగా ఉంటుంది. ఈ విభజన మనకి కొత్తేమీ కాదు. ఆయుర్వేదంలో తరుణజ్వరం వేరు, జీర్ణజ్వరం వేరు. కొత్తగా పుట్టింది తరుణం, ఒంట్లో పాతబడింది జీర్ణం. జ్వరం ఎంత వేడిగా ఉందో ఆ పేర్లు చెప్పవు, వయసు చెప్తాయి. వైద్యం కూడా వయసుని బట్టి మారుతుంది.

నేటి వైద్యంలో క్రానిక్ అనే ముద్రకి జబ్బుని బట్టి గడువు ఉంటుంది. కిడ్నీకి మూడు నెలలు. నొప్పికీ మూడు నెలలే. విరేచనాలైతే నాలుగు వారాలు, దద్దుర్లైతే ఆరు వారాలు దాటాలి. హెపటైటిస్ బీ వైరస్ ఆరు నెలలు దాటినా రక్తంలో కనిపిస్తే క్రానిక్ అంటారు. క్రానిక్ బ్రాంకైటిస్ అనాలంటే వరసగా రెండేళ్లు, ఏడాదికి కనీసం మూడు నెలల చొప్పున కఫంతో దగ్గు ఉండాలి. ఈ లెక్క బోర్డు మీద రాసి పిల్లల్ని ఒకటే అడుగుతాను: ఇందులో "ఎంత ఎక్కువ" అనే కొలత ఎక్కడైనా కనిపించిందా?

వ్యాకరణం కూడా ఇదే చెప్తుంది. ఇంగ్లిష్‌లో కొన్ని విశేషణాలకి హెచ్చుతగ్గులుంటాయి: మైల్డ్, మోడరేట్, సివియర్. వాటి ముందు వెరీ పెట్టొచ్చు. క్రానిక్ ఆ జాతి కాదు, అది వర్గం చెప్పే విశేషణం. గడువు దాటితే క్రానిక్, దాటకపోతే కాదు. వైద్యుడు వెరీ క్రానిక్ అని రాయడు. మన దగ్గర మాత్రం "సానా క్రానిక్ అంట" అని రోజూ వింటాం. ఆ "సానా" ఎక్కడ వినిపిస్తే అక్కడ అర్థం జారిపోయిందని నాకు గుర్తు.

నిజానికి ఇంగ్లిష్‌వాళ్లూ ఇక్కడే జారారు. జబ్బుల పక్కనా వ్యసనాల పక్కనా శతాబ్దాలు తిరిగేసరికి ఈ మాటకి కొంచెం చెడ్డపేరు అంటుకుంది. క్రానిక్ లయర్ అంటే మానలేని అబద్ధాలకోరు. క్రానిక్ షార్టేజ్ అంటే ఎప్పటికీ తీరని కొరత. బ్రిటన్ వాడుకలో తలనొప్పి సంథింగ్ క్రానిక్ అంటే భరించలేనంత అనే. నాటకం క్రానిక్ అంటే పరమ చెత్త అనే. అంటే "చాలాకాలంగా ఉన్నది" నుంచి "ఘోరమైనది"కి జారడం ఆ మాట పుట్టిపెరిగిన దేశంలోనే జరిగింది. కవిటిలో జరిగితే ఆశ్చర్యమేముంది?

మనం ఎందుకు అలా విన్నాం

కవిటి ఇంటికి బ్రిటన్ వాడుక తెలియదు. వాళ్లు వేరే దారిలో అక్కడికి చేరారు, ఆ దారి నాకు ఎక్కువ ముఖ్యం.

ఒకటి, క్రిటికల్. టీవీలో "పరిస్థితి క్రిటికల్" అని విని విని, క్రానిక్ దాని అన్నో తమ్ముడో అనుకుంటారు. రెండింటికీ చుట్టరికం లేదు. క్రిటికల్ గ్రీకులో తీర్పు చెప్పడం అనే క్రియ నుంచి వచ్చింది. జబ్బు ఇటో అటో తేలే ఘడియ క్రైసిస్. మొదటి అక్షరం కలిసిందంతే.

రెండోది మన తెలుగులోనే ఉంది. జబ్బు గురించి మాట్లాడేటప్పుడు మనం విశేషణాల కన్నా క్రియలే ఎక్కువ వాడతాం: పట్టుకుంది, తిరగబెట్టింది, నెమ్మదించింది, ముదిరింది. ఈ ముదరడంలో రెండు సంగతులు ముడిపడి ఉన్నాయి, వయసు పెరగడం ఒకటి, చేయి దాటడం ఇంకొకటి. ముదిరిన బెండకాయ కూరకి పనికిరాదు, ముదిరిన రోగం మందుకి లొంగదు. కాబట్టి "ఇది ఎప్పట్నుంచో ఉంది" అన్న క్షణంలోనే తెలుగు చెవికి "అయితే ముదిరిపోయిందన్నమాట" అని వినిపిస్తుంది. క్రానిక్‌కి బదులు దీర్ఘకాలిక అని శుభ్రంగా తెలుగులో చెప్పినా ఈ చిక్కు పోదు. నేను ఆ తల్లికి ముందు దీర్ఘకాలిక వ్యాధి అనే చెప్పి చూశాను. "అదే కదేటి బాబూ, ముదిరిపోనాదని" అంది.

మూడోది ఉద్దానం అనుభవం. అక్కడి కిడ్నీ జబ్బు మొదటి దశల్లో నొప్పి పెట్టదు, వాపు ఉండదు, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు. చాలామందికి బయటపడేసరికే ఆలస్యమైపోతుంది. అందువల్ల ఆ ఊళ్లలో క్రానిక్ అనే మాట విన్న ప్రతిసారీ దాని వెనక డయాలిసిస్‌కి తిరుగుతున్న మనిషో, పోయిన మనిషో ఉన్నారు. మాటకి అర్థం నిఘంటువు ఒక్కటే ఇవ్వదు, ఎవరి పేరు పక్కన విన్నామో వాళ్లు కూడా ఇస్తారు. ఆ తల్లి భయాన్ని తెలియనితనం అనడం నాకిష్టం లేదు. ఆమె తన ఊరు నేర్పిన అర్థాన్నే చెప్పింది.

ఏం చెప్పాను, ఎలా చెప్పాను

అబ్బాయి ఆస్పత్రిలో చేరాక, తండ్రీ తల్లీ ఓపీకి వచ్చిన రోజు డాక్టరుగారు నన్నూ పక్కన కూర్చోమన్నారు. వైద్యం ఆయన చెప్పారు. మాటల సంగతి నాకు వదిలారు.

నేను ముందు కాగితం తీసి ఆ వాక్యాన్ని విడదీశాను. "ఇక్కడ క్రానిక్ అన్నది మీ జబ్బుకి వయసెంతో చెప్తోంది. మూడు నెలలు దాటిందనే దాని అర్థం. ముదిరిందో లేదో చెప్పేది పక్కనున్న 3ఏ. మొత్తం ఐదు మెట్లు. డయాలిసిస్ మాట వచ్చేది ఐదో మెట్టు మీద, ఈజీఎఫ్ఆర్ 15 కన్నా కిందకి దిగితే. మీరు 54 దగ్గర ఉన్నారు. మూడో మెట్టుని రెండు చేశారు, అందులో పై సగం మీది." ఆయన తల ఊపాడు గానీ నమ్మినట్టు అనిపించలేదు.

అప్పుడు తిత్లీ గుర్తుచేశాను. 2018 అక్టోబరు 11న ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడిచెట్లు వరసకి వరస కూలిపోయాయి. "ఆ గాలి ఎంతసేపు కొట్టింది?" అని అడిగితే, "రేత్రి మొదలై తెల్లారేసరికి అంతా అయిపోనాది" అన్నాడు. "అది అక్యూట్. వచ్చింది, కొట్టింది, పోయింది. చిన్నదా మరి?" తల అడ్డంగా ఊపాడు. "తర్వాత నాటిన కొబ్బరిమొక్క కాపుకొచ్చేదాకా ఎన్నేళ్లు కాచుకున్నారు? నీళ్లు పోస్తూ, ఎరువేస్తూ, పురుగు చూసుకుంటూ. అది క్రానిక్. రోజూ చూసుకుంటూ ఉంటే నిలబడుతుంది." భార్య వెంటనే అందుకుంది. "అంటే పెద్దోడికొచ్చింది తుపానా?" అని లేచి వార్డు వైపు వెళ్లిపోయింది.

తండ్రికి డాక్టరుగారు చెప్పినవి: బీపీ అదుపులో ఉండాలి, ఉప్పు తగ్గాలి, ఎవరు ఇచ్చినా నొప్పి మాత్రలు మింగకూడదు, చెప్పిన గడువుకి పరీక్ష చేయించుకోవాలి. జీడితోట బేరం మానుకున్నారు.

అబ్బాయికి సెలైన్లతో, నొప్పి మాత్రలు ఆపడంతో మూత్రం తిరిగి మొదలైంది. డయాలిసిస్ అవసరం పడలేదు. క్రియాటినిన్ రోజురోజుకీ దిగింది. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షకి రమ్మన్నారు. ఆ మూడు నెలల గడువు ఎందుకో ఇప్పుడు ఆ అమ్మాయే ఇంట్లో చెప్పింది: అప్పటికీ కిడ్నీ తేరుకోకపోతే కాగితం మీద విశేషణం మారుతుంది. మారలేదు. అతని క్రియాటినిన్ 1.0కి వచ్చింది. తండ్రిది 1.5 దగ్గరే ఉంది, డాక్టరుగారు దాన్ని మంచి కబురుగానే చెప్పారు.

తీవ్రమైన అనే మాటతో పేచీ

ఈ కేసు తర్వాత క్లాసులో మార్చింది ముఖ్యంగా ఒకటి. అక్యూట్‌కి మన పుస్తకాల్లో, కరపత్రాల్లో తీవ్రమైన అని రాస్తారు. సివియర్‌కీ తీవ్రమైన అనే రాస్తారు. ఒకటి వచ్చిన తీరు, ఇంకొకటి బాధ పరిమాణం. రెండింటికీ ఒకే మాట వేస్తే నర్సుకీ తెలియదు, రోగికీ తెలియదు. "తీవ్ర మూత్రపిండ గాయం" అని చదివి వినిపిస్తే ఉద్దానం మనిషి దెబ్బ ఎక్కడ తగిలిందని వెతుక్కుంటాడు. మా పిల్లల చేత ఇప్పుడు "కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతింది" అని చెప్పిస్తున్నాను. క్రానిక్‌కి "పాత జబ్బు, వెంట ఉండేది" అని చెప్పిస్తున్నాను. పాత అనే మాటలో వయసు ఉంది, ముదరడంలో ఉన్న భయం లేదు. ఈ మాటలు గంభీరంగా లేవని ఒకరిద్దరు సహోద్యోగులు అన్నారు. జనం మాట్లాడే మాటే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టింది ఈ జిల్లా పర్వతాలపేటలో. ఇక్కడ కూర్చుని గంభీరంగా లేదనే కారణంతో వాడుకమాటని పక్కన పెట్టడం నావల్ల కాదు.

ఇంకో చిక్కు కూడా పిల్లలు ముందుపెట్టారు. కేస్ షీట్లలో అక్యూట్ ఆన్ క్రానిక్ అని కనిపిస్తుంది. ఒకే జబ్బు కొత్తదీ పాతదీ ఎలా అవుతుందని అడిగారు. పాతగా ఉన్న జబ్బు మీద ఉన్నట్టుండి కొత్త దెబ్బ పడితే అలా రాస్తారు. మన కేసులో ఆ ప్రమాదం ఉన్నది కొడుక్కి కాదు, తండ్రికి. ఆయనకి అబ్బాయికి అయినట్టే విరేచనాలు అయి, అవే మాత్రలు పడితే, 54 నుంచి కిందకి దిగడం చాలా వేగంగా జరగొచ్చు. డాక్టరుగారు ఈ సంగతి ఆ అమ్మాయికి విడిగా వివరించారు. ఆమె తండ్రి ఫైలు అట్ట మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసి పెట్టింది: "పాత కిడ్నీ జబ్బు ఉంది. వాంతులు, విరేచనాలు అయితే అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. నొప్పి మాత్రలు ఇవ్వొద్దు."